ఓడకంటే ముందే బయల్దేరిన బ్యాగు

నా లాప్‌టాప్‌లో ఇప్పటికీ ఆ ఫైల్ ఉంది. పేరు 'ఓడ చివరి 7'. చివరిది అని పేరు పెట్టాక దాన్ని మరో ఆరుసార్లు మార్చాల్సి వచ్చింది, అందుకే ఏడు.

నేను విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో ప్లానింగ్ విభాగంలో పనిచేస్తాను. లోపలికి వచ్చిన విమానానికి ఏ పని తర్వాత ఏ పని చేయాలో, ఎవరు చేయాలో, ఏ పరికరం కావాలో కార్డులు తయారుచేయడం నా ఉద్యోగం. ప్రతి కార్డు మీద చేసినవాడి సంతకం, చూసినవాడి సంతకం రెండూ పడితేనే ఆ పని అయినట్టు. ఐదేళ్లుగా రోజూ ఇదే పని. ముగ్గురు మనుషుల్ని ఓడ ఎక్కించి దింపడం ఎంతసేపులే అనుకున్నాను.

ప్రయాణం అక్క కోసం. శంషాబాద్‌లో మా ఇంటి ముందు గదిలో అక్క కర్రీ పాయింట్ నడుపుతుంది. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం కూరలు, సాయంత్రం మళ్లీ కూరలు. బాపు చనిపోయిన సంవత్సరం మొదలుపెట్టింది. నేనప్పుడు డిప్లొమా రెండో ఏడు. అప్పటినుంచి తొమ్మిదేళ్లలో వరుసగా రెండు రోజులు షట్టర్ దించింది లేదు. లాక్‌డౌన్‌లో కూడా చెక్‌పోస్టు దగ్గరి పోలీసులకు వండి పంపింది. పెండ్లి సంగతి ఎవరైనా తీస్తే "అగో, కూర మాడుతుంది" అని లోపలికి వెళ్లిపోతుంది.

ఎయిర్‌పోర్ట్‌లో సామాను ఎక్కించే కార్మికులకు పొద్దున్నే టిఫిన్ పంపే పని అక్కకు కొత్తగా దొరికింది. ఒకటో తారీఖు, శుక్రవారం నుంచి మొదలు. పొద్దున ఆరింటికల్లా డబ్బాలు గేటు దగ్గర ఉండాలి, మొదటి సంవత్సరం ఒక్క రోజు కూడా తప్పకూడదు. తప్పితే పని వేరేవాళ్లకు పోతుంది.

"ఒకటో తారీఖు లోపట ఎటన్న పోవాలె తమ్మీ," అంది అక్క. "ఆ తర్వాత నేను సచ్చినా లీవు దొరకది."

ఓడ అన్నది నేనే. చెన్నైలో శుక్రవారం సాయంత్రం ఎక్కితే నాలుగు రాత్రులు సముద్రం మీద, మధ్యలో శ్రీలంకలో రెండు రేవులు, మంగళవారం పొద్దున మళ్లీ చెన్నై. అక్క అంతా విని రెండే ప్రశ్నలు అడిగింది.

"ఓడల వంట ఎవరు చేస్తరు?"

"వాళ్లే. మూడు పూటలూ."

"గిన్నెలు?"

"అవి కూడా వాళ్లే."

"అయితే పోదాం."

నేను నవ్వాను. ఆ రెండు ప్రశ్నల్నీ ఫైల్‌లో ఎక్కడా రాసుకోలేదు. రేవుల్లో చూడాల్సినవి మాత్రం రంగులు వేసి మరీ రాసుకున్నాను: తాబేళ్ల కేంద్రం, లైట్‌హౌస్, వేడి నీటి బావులు. అమ్మకు త్రింకోమలిలో దిగితే చాలు, అక్కడ శాంకరీ దేవి గుడి ఉంది. పద్దెనిమిది శక్తి పీఠాల్లో అదే మొదటిదని, మా చుట్టాల్లో ఎవరూ ఇప్పటిదాకా చూడలేదని అమ్మ రెండు విషయాలూ కలిపి చెప్పేది. రెండోది చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెద్దదయ్యేది.

చిక్కు నేను అనుకోని చోట మొదలైంది. ఓడవాళ్లు అంతా రాత్రుల్లో లెక్కపెడతారు, బయల్దేరే రోజును ఒకటో రోజు అంటారు. విమానంవాళ్లు గంటల్లో లెక్కపెడతారు. చెన్నైలో ముందొక రాత్రి, వెనకొక రాత్రి ఉండటానికి నేను తీసుకున్న హోటల్‌కు రోజు మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది. టూర్‌వాళ్లకు 'మూడు రోజుల ముందు' అంటే మూడు పనిదినాలు, అదీ శ్రీలంక సెలవులు తీసేశాక. రద్దు చేస్తే ఏమవుతుందో నలుగురూ నాలుగు రకాలుగా రాశారు. ఓడను ఫలానా రోజులోపు రద్దు చేయవచ్చు, తేదీ మార్చకూడదు. హోటల్‌కు తేదీ మార్చుకోవచ్చు, రద్దు మాత్రం చేయకూడదు. విమానం రెండూ చేయవచ్చు కానీ చేసినందువల్ల ఒరిగేదేమీ లేదు. టూర్‌వాళ్ల కాగితంలో, ఓడ రేవుకు రాకపోతే టూర్ రద్దు అయినట్టు అని ఒక చోట, ప్రయాణికుడు రాకపోతే రద్దు అయినట్టు కాదు అని మరో చోట ఉంది. ఓడ రాకపోతే ప్రయాణికుడు ఎలా వస్తాడు? ఈ ప్రశ్న ట్రావెల్స్ ఆఫీసులో మా బుకింగ్ చూసే ఆమెను అడిగాను.

"సార్, మీరు ఇంకా ఎక్కనే లేదు కదా," అంది ఆమె. "ముందు ఎక్కండి సార్."

ఆమె చెప్పింది న్యాయమే. కానీ హ్యాంగర్‌లో ఏదైనా ఊడదీసే ముందే తిరిగి ఎలా బిగించాలో రాసిపెట్టుకుంటాం. నాకు అలా కాకపోతే తోచదు.

ఇవన్నీ ఒక దారికి వచ్చాయనుకున్న రోజున అమ్మ నా పక్కన కూర్చుని తేదీలు చదవమంది. చదివాను. గురువారం విమానం అన్న చోట ఆపింది.

"గురువారం దక్షిణం దిక్కు పోతరా ఎవరన్న?"

"చెన్నై దక్షిణానే ఉంది కదమ్మా. శుక్రవారం ఓడ. గురువారమే పోవాలె."

"అదే అంటున్న. గురువారం దక్షిణం శూల. నీ కంప్యూటర్ల ఉండదా ఇది?"

లేదు. ఏ వారం ఏ దిక్కుకు పోకూడదో నా దగ్గర షీట్ లేదు. అప్పటికి విమానం టికెట్లు తీసేసుకున్నాం. ఒక పూట అంతా వాదించుకున్నాక దారి అమ్మే చూపించింది. బుధవారం పొద్దున మంచి గడియలో పస్తానం పెడితే సరిపోతుందట. ప్రయాణంలో తీసుకుపోయే సంచి ఒకటి ముందే ఇల్లు దాటించి, వేరేవాళ్ల ఇంట్లో పెట్టాలి. అప్పుడు మనం బుధవారమే బయల్దేరినట్టు లెక్క. గురువారం మనిషి పోయినా తప్పు లేదు.

దీన్ని కూడా ఫైల్‌లో ఎక్కించాలి కాబట్టి వివరంగా అడిగాను. ఏ సంచి? ఏదైనా పర్వాలేదు. ఖాళీది? కుదరదు, పోయేవాళ్లు ఒక్కొక్కరిదీ ఒక్కో వస్తువు ఉండాలి. ఎలాంటి వస్తువు? దినాం ముట్టుకునేది. ఎంత దూరం? గోడ అవతల చాలు. మళ్లీ ఇంట్లోకి తెస్తే?

"తేవద్దు. తెస్తే పయనం రద్దు అయినట్టే," అంది అమ్మ. "ఆ వస్తువు పెట్టినోళ్లు కూడా పయనం అయ్యేదాక ఇంట్ల పండుకోవద్దని మా అమ్మ అనేది. గిప్పుడు ఎవరు చూస్తున్రు. సంచి తేవద్దు, అంతే."

అంటే అమ్మకూ ఒక రద్దు నియమం ఉంది. ఐదోది. ఆ నాలుగింటికన్నా ఇదే స్పష్టంగా ఉందని ఆ రోజు అనుకున్నాను.

బుధవారం పొద్దున అక్క షట్టర్ దించి 'వారం రోజులు సెలవు' అని అట్ట కట్టింది. అమ్మ బ్యాగులో తను రోజూ కట్టే చీర పెట్టింది. అక్క తువ్వాలులో ఏదో చుట్టి పెట్టింది. నేను రోజూ ముట్టుకునేది ఏమిటా అని ఆలోచించాను. లాప్‌టాప్ పెట్టలేను, ఫోన్ పెట్టలేను. రెండు వారాలుగా నెంబర్ల కోసం రోజూ తీస్తున్నవి పాస్‌పోర్టులు. మూడూ ఒక పౌచ్‌లో ఉన్నాయి. బ్యాగు ఎలాగూ మాతో వచ్చేదే, గురువారం మర్చిపోయే భయం కూడా ఉండదు. పౌచ్ అందులో పెట్టి, ఫైల్‌లో టిక్ కొట్టి, బ్యాగును ఎదురింటికి చేర్చాను.

ఎదురింట్లో గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ ఆంటీ ఉంటారు. అంకుల్ బ్యాంకులో చేసి రిటైరయ్యారు. మా అక్క పప్పుచారుకు వాళ్లది పాత ఖాతా. బ్యాగును దేవుడి గది పక్కన పెట్టించి, "మా వైపు బియ్యం మూట పెట్టేవాళ్లండీ వదినగారూ. పాపం మీవాడు తాళం కూడా వేశాడు," అన్నారు ఆంటీ.

"వాడు నీళ్ల బాటిల్‌కు కూడా ఏస్తడు వదినా," అంది అమ్మ.

మధ్యాహ్నం మూడు దాటాక ట్రావెల్స్ ఆమె ఫోన్ చేసింది. బంగాళాఖాతంలో వాయుగుండం. ఓడ శుక్రవారం కాదు, సోమవారం బయల్దేరుతుంది. త్రింకోమలిలో ఆగదు. తిరిగి శుక్రవారం పొద్దున చెన్నై. ఒప్పుకుంటే ఏమీ చేయనక్కర్లేదు. వద్దనుకుంటే ఈ సాయంత్రం ఆరు లోపు ఒక ఫారం నింపి, ముగ్గురి పాస్‌పోర్టుల ఫోటోలు మళ్లీ పెట్టాలి. ఓడ డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది.

శుక్రవారం ఒకటో తారీఖు. ఓడ చెన్నై రేవులో ఆగే వేళకు అక్క డబ్బాలు శంషాబాద్‌లో గేటు దగ్గర ఉండాలి. అక్క అప్పుడు ఇంట్లో ఊడ్చిన గచ్చునే మళ్లీ ఊడుస్తోంది. చెప్పాను. చీపురు ఆగలేదు.

"అయితే నాకు కాదు," అంది. "మీరిద్దరు పోండ్రి."

"గుడే లేని ఓడ ఎక్కి నేనేం చెయ్యాలె," అంది అమ్మ.

కాబట్టి రద్దు. ఫారం తెరిచాను. మొదటి గడిలోనే పాస్‌పోర్టులు గుర్తొచ్చాయి. ఎదురింటికి వెళ్తే తాళం వేసి ఉంది. ఆంటీకి ఫోన్ చేస్తే, రాజేంద్రనగర్‌లో కూతురి దగ్గర ఉన్నామని, బయల్దేరుతున్నామని చెప్పారు. వాళ్ల మెట్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ప్రయాణానికి ముఖ్యమైన కాగితాల్ని ప్రయాణం బాగుండాలని వేరేవాళ్ల ఇంట్లో పెట్టి తాళం వేయించిన ప్లానింగ్ ఇంజనీర్‌ని ఆ వీధిలో పోయేవాళ్లు ఏమనుకున్నారో తెలియదు. ఒకాయన మాత్రం ఆగి, "ఏంది తమ్మీ, కిరాయికి దిగినవా?" అని అడిగాడు.

ఆంటీవాళ్లు వచ్చేసరికి ఐదున్నర అవుతోంది. అమ్మ, అక్క కూడా మెట్ల దగ్గరికి వచ్చారు. నేను బ్యాగు తెరిచి పౌచ్ తీస్తుంటే అక్క పెట్టిన తువ్వాలు విడిపోయింది. లోపల అలారం గడియారం. వంటింటి గూట్లో ఉండేది, రోజూ పొద్దున నాలుగింటికి మోగేది. వెనక మూత తీసి ఉంది. పెన్సిల్ సెల్లు పక్కన విడిగా పడి ఉంది. బ్యాగులో సెల్లు విడిగా ఉండటం చూస్తే నా చేయి ఊరుకోదు. తీసి పౌచ్‌లో వేశాను. తర్వాత గడియారాన్ని చూశాను. పొద్దున్నే లేచే పనే లేని ఓడ మీదికి అలారం ఎందుకు తెస్తున్నట్టు?

"ఇది ఎందుకక్కా?"

"దినాం ముట్టుకునేది పెట్టమన్నది కదా అమ్మ," అంది అక్క. "నేను ముందుగాల ముట్టుకునేది అదే."

నేను ఫోటోలు తీసి, ఫారం పంపి, రద్దు అయిందన్న మెసేజ్ చూశాను. ఆరుకు తొమ్మిది నిమిషాలు ఉన్నాయి. ఓడ పోయింది, టూర్లు దాంతోపాటు పోయాయి. విమానం పోయినా ఒకటే ఉన్నా ఒకటే. మిగిలింది చెన్నై హోటల్.

"సరే, ఇగ బ్యాగు ఇంటికి పట్టుకురా," అంది అమ్మ నాతో. "రేపటికి పప్పు నానబొయ్యాలె. ఊకె షట్టర్ మూసి ఏం లాభం."

అక్క మెట్టు మీద కూర్చుంది.

"బ్యాగు తేవద్దు అన్నవు."

"పయనం ఉంటే తేవద్దు. పయనమే లేదు కదనే."

"ఓడ లేదు. పయనం లేదని ఎవరన్నరు? పొద్దున మంచి గడియల బయల్దేరినం. నా వస్తువు ఇల్లు దాటింది. ఇగ నేను ఇంట్ల పండుకోను."

"ఏంది పిల్లా, గట్లెందుకు మాట్లాడుతవు?"

"అమ్మమ్మ అనేదంట కదా. నువ్వే చెప్పినవు."

అమ్మ నా వైపు చూసింది. నేను ఫైల్ వైపు చూశాను. నిజంగా అలాగే రాసి ఉంది, అమ్మ చెప్పిన మాటే, ఐదో నియమం కింద. కానీ దాని అర్థం ఏమిటో నాకు తెలియలేదు. గమ్యం లేని ప్రయాణం మొదలైనట్టా, కానట్టా? హ్యాంగర్‌లో అయితే విమానం లేకపోతే కార్డు ఉండదు. ఇక్కడ ఓడ లేదు, రేవు లేదు, గుడి లేదు. ఒక బ్యాగు మాత్రం బయల్దేరింది. అక్క మొహం చూస్తే ఏడుస్తోందా, ఆట పట్టిస్తోందా తెలియడం లేదు. తొమ్మిదేళ్లుగా రోజూ చూస్తున్న మొహమే.

"ఎక్కడ పండుకుంటవే మరి?" అంది అమ్మ.

"ఎక్కడనన్న. వండకుండ తినే దగ్గర."

అప్పుడు గుర్తొచ్చాయి నాకు ఆ రెండు ప్రశ్నలు. వంట ఎవరు చేస్తరు, గిన్నెలు ఎవరు కడుగుతరు. నేను తాబేళ్ల గురించి చదువుతూ కూర్చున్నాను.

ట్రావెల్స్ ఆమెకు మళ్లీ ఫోన్ చేశాను. చెన్నై హోటల్‌కు తేదీ మార్చుకోవచ్చు అన్నారు కదా, అదే కంపెనీ హోటల్ ఇక్కడ బెంగళూరు హైవే మీద ఉంది, తేదీతోపాటు ఊరు కూడా మార్చుకోవచ్చా అని అడిగాను.

"ఊరు మార్చడమంటే... ఎవరూ అడగలేదు సార్. ఒక్క నిమిషం." నాలుగు నిమిషాలు పాట వినిపించింది. "అవుతుందంట సార్. కానీ మీ అడ్రస్ శంషాబాద్ అని ఉంది. మీరు శంషాబాద్ నుంచి శంషాబాద్‌కేనా?"

"అవునండీ."

"విమానం అక్కర్లేదు కదా సార్?"

"అక్కర్లేదు."

చెన్నైలో రెండు గదులు, రెండు రాత్రులు తీసుకున్నాం. ఇక్కడ ఒకే గది, నాలుగు రాత్రులు. నాలుగుకు నాలుగు. ఆ రోజంతటిలో నాకు సరిపోయిన లెక్క అదొక్కటే.

అమ్మకు చివరిదాకా ఒప్పుకోవాలని లేదు. కానీ తన చీర కూడా బ్యాగులో ఉంది. "నేను గూడ బయల్దేరినట్టే కదా, ఏం చేస్త," అని గొణుగుతూ చెప్పులు వేసుకుంది. నాకు మాత్రం ప్రయాణం రద్దయింది. నా వస్తువు నేనే బయటికి తీశాను కాబట్టి నాకు లెక్క లేదని అమ్మ తేల్చేసింది. పాస్‌పోర్టులు మూడు కదా, అమ్మదీ అక్కదీ కూడా తీశాను కదా అని అడిగాను.

"మా చీర, మా గడియారం ముట్టలేదు నువ్వు," అంది అమ్మ.

ఆంటీ ఇంట్లో నుంచే బ్యాగు తీసుకుని ఆటో ఎక్కారు. మా ఇంటి గుమ్మం ముందు నుంచే పోయింది ఆటో, అక్క అటు చూడలేదు. ఆంటీ గేటు దగ్గర నిలబడి, "దిక్కు చూసుకున్నారా బాబూ?" అని అడిగారు. ఆ హోటల్ మాకు దక్షిణానే ఉంది. ఇంకా బుధవారమే.

నేను లీవు రద్దు చేసుకుని మర్నాడు హ్యాంగర్‌కు వెళ్లాను. వెనక్కి వచ్చావేంటని అడిగిన ప్రతివాడికీ ఒక్కో రకంగా చెప్పాను. ఏదీ అబద్ధం కాదు. శుక్రవారం డ్యూటీ దిగాక హోటల్‌కు వెళ్లాను. నాలుగో అంతస్తు. కిటికీలోంచి హైవే, దాని అవతల దిగుతున్న విమానాలు. మా హ్యాంగర్ కప్పు కూడా ఓ మూల కనిపించింది. అక్క మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. కిందికి వెళ్లి ఏమైనా చూశారా, లిఫ్ట్ పక్కన సిటీ టూర్ అట్ట ఉందని అన్నాను. గోల్కొండ ఉంది, చార్మినార్ ఉంది, పహాడీ షరీఫ్ దర్గా కూడా ఉంది.

"నువ్వు జర ఊకో," అంది అక్క. "మళ్ల ఫైల్ తెరువకు."

"ఇడ్లీ ఎట్లుందమ్మా?"

"రాయి లెక్క ఉంది," అంది అమ్మ. "దీన్ని అడుగు, ఏడు తిన్నది పొద్దున."

"ఆరు," అంది అక్క. "తిని ప్లేటు ఆడనే ఇడిచిపెట్టి వచ్చిన. వెనుకకు తిరిగి కూడ చూడలే."

ఆదివారం మధ్యాహ్నం వచ్చేశారు. ప్రయాణం పూర్తయింది కాబట్టి బ్యాగు ఇంట్లోకి రావచ్చని అమ్మ అంది. అక్క అట్ట విప్పింది, పప్పు నానబోసింది. సాయంత్రం గడియారం తీసి వెనక మూత చూసి, "తమ్మీ, దీని సెల్లు ఏమైంది?" అని అడిగింది.

"ఏమో."

"నీ లిస్టుల లేదా?"

ఉంది. 'పెన్సిల్ సెల్లు, ఒకటి, పాస్‌పోర్ట్ పౌచ్' అని ఉంది. లేదని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకు తెలియదు. ఫోన్‌లో మూడు యాభైకి అలారం పెట్టుకున్నాను. నేనే లేపుదామనుకున్నానా, లేపకుండా వదిలేద్దామనుకున్నానా అనేది కూడా తేల్చుకోలేదు.

లేచి చూసేసరికి వంటింట్లో లైటు వేసి ఉంది. అక్క ఉల్లిగడ్డలు తరుగుతోంది. గూట్లో గడియారం ఆగిపోయి ఉంది.

"నువ్వెందుకు లేచినవ్ రా?"

"నిన్ను లేపుదామని."

"నన్ను లేపేదేముంది. గడియారం ఉన్నా లేకున్నా నాలుగింటికి కండ్లు తెరుసుకుంటయి."

"హోటల్ల గూడనా?"

"ఆడ గూడ లేచిన, నాలుగు దినాలూ." కత్తి ఒక్క క్షణం ఆపింది. "లేచి, మళ్ల పండుకున్న."

సెల్లు ఇంకా పౌచ్‌లోనే ఉంది. అక్క మళ్లీ అడగలేదు. ఫైల్‌లో ఈ ప్రయాణం ఎదురుగా 'పూర్తి' అని రాయాలో, 'రద్దు' అని రాయాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేశాను.